గంట ఆయుష్షు

23 మార్చి 2003, ఆదివారం. తెనాలి

రోజంతా టీవీలో బాగ్దాదే. క్రూయిజ్ మిసైల్ ఒక్కోటి అయిదు కోట్ల దాకా అవుతుందని వార్తల్లో చెప్పారు. డీజిల్ ఇంజన్లు రిపేరు చేసి బతికే మా అబ్బాకి ఒళ్ళు మండింది. పోయి తిరిగిరాని ఇంజన్‌కి అయిదు కోట్లేంటే, రేపు దాన్ని ఎవడు విప్పి చూస్తాడు అని నామీద ఎగిరాడు, నేనేదో కొన్నట్టు.

సాయంత్రం వాసిం ఫోన్. బాపట్ల మామూ కొడుకు, అతనితో నాకు సంబంధం ఖాయమైందని ఊరందరికీ తెలుసు. నిఖా ఎప్పుడన్నది మాత్రం హైదరాబాద్‌లో ఉన్న ఆ మెషినిస్టుగారికే తెలియాలి. అయిదు కోట్ల సంగతి అడిగాను. గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పకు, మా కంపెనీలో చేసేది అలాంటి చిన్న ఇంజన్‌కి పార్టులే అన్నాడు. పాల క్యాను అంత ఉంటుందట. లోపల రెక్కల చక్రం ఎర్రగా కాలుతూ నిమిషానికి ముప్ఫై వేల చుట్లు తిరగాలట. వెంట్రుకంత తేడా వచ్చినా ముక్కలే. విమానం ఇంజన్ వేల గంటలు నడవాలి, దీనికి గంటే ఆయుష్షు, అయినా ఖరీదు తగ్గదు అన్నాడు.

గంటే ఆయుష్షా అని గట్టిగా అనేశాను. గంటకి అయిదు కోట్లా అని నవ్వాను. వాసిం నవ్వలేదు. నేనెలా ఉన్నానని అడిగింది చివర్లో, పెట్టేసేముందు.

24 మార్చి

రేపల్లె ప్యాసింజర్‌లో కిటికీ సీటు దొరికింది. నేను పాఠాలు చెప్పే స్కూలు చేరేదాకా ఊరికే ఏడుపొచ్చింది.

27 మార్చి, గురువారం

ఇవాళ ఇంట్లో మలీదా, బెల్లం రొట్టె ముద్దలు. ఎందుకమ్మీ అంటే, వాసింతో ఫోన్‌లో ఎవరికో గంటే ఆయుష్షని అన్నావుగా, పాపం ఏ తల్లి బిడ్డో, దర్గాలో ఫాతెహా ఇప్పించాను అంది. పేరు తెలీదు, ఆయుష్షు పొయ్యమని మాత్రం మొక్కిందట. అబ్బా నవ్వు ఆపుకోలేక మంచంమీద కూలబడ్డాడు. అది ఇంజన్ అని నేనే చెప్పాల్సి వచ్చింది.

అమ్మీ ఏమాత్రం తగ్గలేదు. ఇంజన్ అయితే ఏంటి, మనవాడు చేసిందేగా అంది. కాసేపటికి అది ఏ ఇంజనో అర్థమైంది. టీవీ వైపు చూసి, దాన్ని కట్టేసి మలీదా పంచింది.

6 ఏప్రిల్, ఆదివారం

బక్రీదు వెళ్ళాక నిఖా అన్నారు. తర్వాత మే నెల అన్నారు. ఇప్పుడు ఇంజన్ టెస్టు అయ్యాకట. నడిపిచూస్తే రెక్క బయటి కేసింగ్ తొడుగుకి రాసుకుందట, మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి, సెలవు లేదు. ఆ మాట చెప్పి, నన్ను సంతోషపెడదామనేమో, ఇంజన్ గొప్ప మొదలుపెట్టాడు. సీలు చేసి పెట్టెలో పెడితే పదేళ్ళయినా అలాగే ఉంటుందట. పిలిచినరోజు లేచి ఆ గంటా పనిచేస్తుందట.

నా సంగతి భలే చెప్పావు అన్నాను.

అబ్బా ఫోన్ లాక్కుని, పొన్నూరు రైస్ మిల్లు వాళ్ళు వాళ్ళబ్బాయి ఫరూక్‌కి మన పిల్లని అడుగుతున్నారు, వచ్చే శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం జవాబు చెప్పాలి, నువ్వు వచ్చి నా ఎదురుగా తారీకు చెప్పు, లేకపోతే నీ దారి నీది అని పెట్టేశాడు.

అమ్మీ నెమ్మదిగా, ఆ ఇంజన్ ఆ పదేళ్ళూ పెట్టెలోనే ఉండిపోవాలని మొక్కుకుంటానే, ఎవరి ఇంటిమీదా పడకుండా అంది. నాకు మాత్రం ఆ దువా చెయ్యకు అమ్మీ అనాలనిపించింది.

13 ఏప్రిల్, ఆదివారం. బాపట్ల

మామూ ఇంటికొచ్చాం. పెద్దవాళ్ళు లోపల మొహాలు ముడుచుకుని కూర్చున్నారు. పెరట్లో గోనెపట్టా కింద వాసిం పాత లూనా. వాడు వెళ్ళినప్పటినుంచీ కదల్లేదు, ఇనుపసామాను వాడికి వేసేస్తా అన్నాడు మామూ. ఇంజన్ కనబడితే అబ్బా ఊరుకోడు కదా. కోపమంతా పక్కనపెట్టి ప్లగ్గు విప్పి తుడిచాడు, కొత్త పెట్రోలు పోశాడు, స్టాండ్ వేసి పెడల్ తొక్కాడు. దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గింది. అంటుకుంది!

పెరడంతా పొగ. వాసిం ఇంటర్ రోజుల్లో మా ఇంటికొచ్చినప్పటి వాసన. కళ్ళు తుడుచుకుంటుంటే మామీ చూసి, పొగ ఎక్కువైందండి, ఆపండి అంది అబ్బాతో. ఆపొద్దు అన్నాను.

వాసిం అంటే నాకు ఇంత ఇష్టమని ఎవరికి చెప్పుకోను? అతనికే చెప్పలేదు.

16 ఏప్రిల్. రేపల్లె

స్టేషన్ పక్క ఎస్టీడీ బూత్ నుంచి చేశాను. మీ లూనా అంటుకుంది అన్నాను. ఏంటీ అన్నాడు. పెట్టెలో ఉన్నది బాగుందో లేదో తెరిస్తేగానీ తెలీదు, శుక్రవారం రా, టెస్టు ఉన్నా రా అన్నాను. సెలవివ్వరు నగ్మా అన్నాడు. నాకు నువ్వు కావాలి అన్నాను. బూత్ అతను తల తిప్పుకున్నాడు.

17 ఏప్రిల్

ఫోన్ రాలేదు.

18 ఏప్రిల్, శుక్రవారం. తెనాలి

పొద్దున బండికి వచ్చాడు. సాయంత్రం టెస్టట, వెంటనే వెనక్కి వెళ్ళే బండి అందుకోవాలి. ఇంజన్ నడిపిచూసిన మోతకి అతని చెవులు దిబ్బడేసి ఉన్నాయి, ఏం చెప్పినా అరవాల్సి వచ్చింది. జూన్‌లో నిఖా అని అబ్బా ఎదురుగా చెప్పాడు. అబ్బా పొన్నూరుకి ఫోన్ చేసి, లేదండి, మావాడు వచ్చాడండి అన్నాడు.

ఇన్నాళ్ళూ అతనికి చెప్పని మాట స్టేషన్‌లో నేను అరిచి చెబితే ప్లాట్‌ఫాం మొత్తం విన్నది. వాసిం కూడా విన్నాడు.

అతను ఉన్నది గంట. అయిదు కోట్లు ఎక్కువేం కాదు.