రెగ్జిన్ ముక్క

జూన్ 3, మంగళవారం

పళ్ల డాక్టరు గారి వెయిటింగ్ రూము బెంచీ పూర్తయింది. వకీలు గారి కుర్చీలు మొదలుపెట్టాను. స్ప్రింగులు గట్టిగానే ఉన్నాయి. ఫోమ్ మాత్రం ముట్టుకుంటే పిండిలా రాలుతోంది.

మా ఆవిడ స్టూలుకి కొత్త సీటు వేశాను. కుట్టుమిషను ముందు ఆవిడ కూర్చునే స్టూలు. షాపు పెట్టినప్పటి నుంచీ అదే. ఆవిడకి చెప్పకుండా చేశాను. ఒక పెద్ద సోఫా పనిలో మిగిలిన మీగడ రంగు గుడ్డ, అంచు చుట్టూ లోపల తాడు పెట్టి కుట్టిన పైపింగ్. రేపు మా పెళ్లిరోజు. నోటితో చెప్పడం నాకు చేతకాదు.

జూన్ 4, బుధవారం

చూసింది. బాగుందండీ అంది. కూర్చోలేదు.

జూన్ 6, శుక్రవారం

ఈరోజు కూడా నిలబడే కుట్టింది. ఎందుకలా అంటే, కూర్చుంటే కాళ్లు పట్టేస్తున్నాయి, ఇదే హాయిగా ఉంది అంది. ఒంటికాలి మీద నిలబడి మిషను పెడలు తొక్కడంలో హాయి ఏమిటో నాకు అర్థం కాలేదు. ఏదో కోపం వచ్చి ఉంటుంది. ఏ విషయంలోనో ఆవిడే చెప్పాలి.

పక్క ఇస్త్రీ దుకాణం ఆవిడ వచ్చి స్టూలు చూసింది. పెళ్లిరోజుకి మొగుడు పీట ఇచ్చాడంటే అదృష్టమే తల్లీ, మా ఆయన ఇన్నేళ్లలో ఓ చాపైనా పరవలేదు అంది. మా ఆవిడ నవ్వింది. నవ్వుతూనే బల్ల అంచు పట్టుకుంది.

జూన్ 11, బుధవారం

మా ఆవిడ దారం కొనడానికి వెళ్లింది. స్టూలు కాలు కదులుతోందేమో చూద్దామని పైకెత్తాను. మిషను వెనక నుంచి ఏదో జారి పడింది. మడిచిన తువ్వాలు. దాని లోపల సీటు కొలతకి కత్తిరించిన రెగ్జిన్ ముక్క. అంచులు కూడా నీట్‌గా మడిచి కుట్టింది. నేను బయటికి వెళ్లినప్పుడు అది పరుచుకుని కూర్చుంటోందన్నమాట.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. పాత కుర్చీలు విప్పి నేనే నేర్చుకున్నాను. కానీ ఒక సంగతి కస్టమర్లే నేర్పారు. ఎవరూ ఇష్టపడి రెగ్జిన్ అడగరు. ఎండాకాలం ఒంటికి అంటుకుంటుంది, చలికాలం జిల్లుమంటుంది. ఆస్పత్రులు అడుగుతాయి, హోటళ్లు అడుగుతాయి, చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు అడుగుతారు. తడికి భయపడేవాళ్లే రెగ్జిన్ వేయించుకుంటారు.

మరకకి భయపడేవాళ్లు ముదురు రంగు అడుగుతారు. ఇదీ రోజూ చూసేదే. మా ఇంట్లో కుర్చీలన్నిటికీ ఈ ఏడాది మెరూన్ వెల్వెట్ తొడిగింది మా ఆవిడ. ఇల్లు సినిమా హాలులా ఉందని నేను వేళాకోళం చేస్తే, టికెట్ లేకుండా కూర్చుంటున్నారుగా అంది. అంతా నా కళ్ల ముందే జరిగింది. అది చాలదన్నట్టు నేనిచ్చిన మీగడ రంగు స్టూలొకటి.

ముక్కని ఉన్నచోటే పెట్టేశాను.

అదే రోజు, సాయంత్రం

అమ్మాయికి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెగ్జిన్ గురించి చెప్పాను. అమ్మ మొహం పాలిపోయిందా నాన్నా అని అడిగింది. ఆ మాట విన్నాకనే, పాలిపోయిందని నాకు తోచింది. రేపు పొద్దున్నే వస్తాను, ఫోన్ మాత్రం అమ్మకివ్వకు, ఇస్తే రావద్దంటుంది అంది.

జూన్ 12, గురువారం

అమ్మాయి మనవరాలిని కూడా తీసుకొచ్చింది. తల్లీకూతుళ్లు లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. నేను షాపులో ఫోమ్ కోస్తూ కూర్చున్నాను. వకీలు గారి గుమాస్తా కుర్చీలెంతవరకు వచ్చాయో చూడటానికి వచ్చాడు.

మనవరాలు ఆరో క్లాసు. వకీలు గారి కుర్చీలోనే కాళ్లు ముడుచుకుని కూర్చుని, తాతయ్యా, అమ్మమ్మకి పీరియడ్స్ ఆగట్లేదంట, అలా అయితే డాక్టరుకి చెప్పాలని మా సైన్స్ టీచర్ చెప్పారు, అమ్మమ్మకి టీచర్ లేరా అని అడిగింది. గుమాస్తా ఫ్యాన్ వైపు చూశాడు. నేనూ అటే చూశాను. బాగానే తిరుగుతోంది కదా, ఏం చూస్తున్నారిద్దరూ అంది పిల్ల. గుమాస్తాకి ఏదో అర్జెంటు పని గుర్తొచ్చింది.

అమ్మాయి బయటికి వచ్చి చెప్పింది. నెలల తరబడి ఇదే వరస. వస్తే పదిహేను రోజులు ఆగదు, గడ్డలు గడ్డలుగా పోతోంది. ఈ వయసులో అందరికీ ఇంతే, దానంతటదే ఆగిపోతుందనుకున్నాను అందట. ఆగిపోయేది నువ్వే అమ్మా అని అరిచానని చెప్పి, గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. మా ఆవిడ వచ్చి, ఆ ఏడుపెందుకు, నేనింకా ఉన్నానుగా అని తల నిమిరింది.

జూన్ 13, శుక్రవారం

ప్రైవేటు ఆస్పత్రి. రక్తపరీక్ష, స్కానింగ్. రక్తం ఆరున్నర ఉంది. కనీసం పన్నెండు ఉండాలట. గర్భసంచిలో గడ్డలున్నాయి. లోపలి పొర మందంగా ఉంది.

డాక్టరు స్కానింగ్ కాగితం చూశాడు, నన్ను చూశాడు. తీసేద్దాం, పిల్లలెటూ పుట్టేశారు, ఇంకేం పని దానితో, సోమవారం చేర్పించండి అన్నాడు. మా ఆవిడ వైపు తిరగలేదు.

బస్సులో మా ఆవిడ కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది. ఇస్త్రీ ఆవిడకీ ఇలాగే ఒక్క మాటలో చెప్పారట. ముప్పై దాటగానే తీయించుకుంది. అప్పట్నుంచీ ఒళ్లంతా సెగలు, నడుము నొప్పి. తీయాల్సిందే అయితే తీయించుకుంటానండీ, ఎందుకు తీస్తున్నారో తెలియకుండా మాత్రం పడుకోను అంది.

ఆవిడ చెప్పింది నాకు న్యాయంగానే తోచింది. గుడ్డ విప్పి చూడకుండా ఫ్రేము పారేయమనే పనివాణ్ణి నేనూ నమ్మను. కానీ ఇది కుర్చీ కాదు. ఆలస్యం చేస్తే ఏమవుతుందోనని భయంగా ఉంది.

జూన్ 14, శనివారం

ఇస్త్రీ ఆవిడ చెప్పింది. పెద్దాసుపత్రిలో ఒక లేడీ డాక్టరున్నారట. ఆవిడ అరుస్తారు అన్నయ్యా, కానీ వింటారు అంది. సోమవారం తానే ముందు వెళ్లి లైనులో నిలబడతానంది.

జూన్ 16, సోమవారం

నిజంగానే నిలబడింది. మేము వెళ్లేసరికి తలుపు దగ్గర ఉంది, చేతిలో చీటీతో.

నేను బయట ఉంటానన్నాను. ఎక్కడికండీ, ఇంట్లో ఉండేది మీరే కదా, కూర్చోండి అన్నారు డాక్టరమ్మ. కూర్చున్నాను. అన్నీ మా ఆవిడనే అడిగారు. మొదటిసారి ఎప్పుడు వచ్చింది? పదమూడో ఏట. సైకిలు మీద నుంచి పడ్డ దెబ్బ అనుకుని, అమ్మ కొడుతుందని రెండ్రోజులు దాచిందట. ఎన్నిసార్లు నెల తప్పారు? మూడుసార్లు. మొదటిది నిలవలేదని నాకు తెలుసు. రెండోది అమ్మాయి. మూడోది నాకు తెలియదు. నేను సరుకు కోసం ఊరెళ్లిన వారంలోనే తెలిసింది, ఆ వారంలోనే పోయిందట. మీరు వచ్చేసరికి లేచి తిరుగుతున్నాను, ఉన్నట్టే మీకు తెలియని దానికి ఏమని చెప్పను అంది, నా వైపు తిరిగి, మెల్లగా. తర్వాత లూపు, దానితో కొన్నాళ్లు నడుము నొప్పి. నలభై అయిదు దాటాక ఒంట్లోంచి సెగలు. కిటికీ తెరిస్తే ఈయన దుమ్మొస్తుందని మూసేసేవారు అని డాక్టరమ్మతో చెప్పింది. డాక్టరమ్మ నన్ను చూశారు. ఇక మూయనండీ అన్నాను.

ఇన్నేళ్లుగా ఆవిడ ఒంట్లో ఇంత జరుగుతూ ఉంది. పక్కనే ఉన్నాను.

రక్తం ఇంతుంటే ఎలా నిలబడ్డారమ్మా అని అడిగారు డాక్టరమ్మ. నిలబడే కుట్టానండీ అంది మా ఆవిడ. డాక్టరమ్మ నవ్వారు, వెంటనే అరిచారు. ముందు మా ఆవిడ మీద, తర్వాత నా మీద, మధ్యలో తలుపు తీసిన నర్సు మీద. ఆ తర్వాత నిదానంగా విడమరిచారు. ముందు రక్తం ఎక్కిస్తాం. తర్వాత లోపలి పొర కాస్త తీసి బయాప్సీకి పంపుతాం. ఈ వయసులో ఇలా పోతుంటే క్యాన్సరు కాదని తేల్చుకోవాలి. అదే అయితే గర్భసంచి తీయాల్సిందే, నేనే చెప్తాను. కాకపోతే వేరే దారులున్నాయి, అప్పుడు మీరే ఎంచుకుందురు గాని అన్నారు.

మీరే అన్నప్పుడు డాక్టరమ్మ చూసింది మా ఆవిడనే.

జూన్ 17, మంగళవారం

రెండు సంచుల రక్తం ఎక్కించారు. సంచి మీద గ్రూపు, తేదీ ఉన్నాయి. పేరు లేదు. ఎవరిచ్చారని నర్సుని అడిగాను. ఎవరైతేనేం, ఎక్కుతోందిగా అంది.

ఎవరో ఒకరోజు పని మధ్యలో వెళ్లి, చేయి చాపి, మళ్లీ పనికి వెళ్లిపోయి ఉంటారు. సాయంత్రానికి మా ఆవిడ పెదాలకి రంగు వచ్చింది. ఆ మనిషి ఎక్కడున్నా సుఖంగా ఉండాలి.

జూన్ 19, గురువారం

బయాప్సీ అయింది. రిపోర్టు వారానికట. ఇంటికి పంపించేశారు.

జూన్ 21, శనివారం

పని చేయబుద్ధి కాలేదు. చేశాను.

జూన్ 23, సోమవారం

మంచం మీద నుంచే మా ఆవిడ, రిపోర్టు వచ్చేలోగా వకీలు గారి కుర్చీలకి పైపింగ్ నాతో కుట్టించుకోండి, తర్వాత మీరొక్కరే కుడితే పాము పాకినట్టుంటుంది అంది. నవ్విద్దామనే అంది. నేను లేచి వెళ్లి మొహం కడుక్కున్నాను. వచ్చాక, నీ పైపింగ్ కోసం ఆ కుర్చీలు ఏడాదైనా ఆగుతాయి అన్నాను. వకీలు ఆగడండీ, కేసు వేస్తాడు అంది.

జూన్ 26, గురువారం

క్యాన్సరు లేదు.

డాక్టరమ్మ ఆ మాటే ముందు చెప్పారు. కూర్చోకముందే. అందుకు ఆవిడకి వేరే దణ్ణం పెట్టాలి.

మూడు దారులు చెప్పారు. మాత్రలు, ఆపరేషను, లేదా లూపు లాంటిదే మందు ఉన్న పరికరం, గర్భసంచిలో పెట్టేది. ఏ దారిలో ఏ బాధ ఉంటుందో అదీ చెప్పారు. మా ఆవిడ ఒక్కొక్కటీ అడిగి అడిగి తెలుసుకుంది. కూరగాయల దగ్గర కూడా ఇంతగా అడగడం నేను చూడలేదు. పరికరమే ఎంచుకుంది. కొన్ని నెలలు మరకలు కనిపిస్తాయి, కంగారు పడొద్దు, మళ్లీ గడ్డలు పడితే మాత్రం వెంటనే రండి అన్నారు డాక్టరమ్మ. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా పరుగెత్తుకు రావాలట. అది మాత్రం నన్ను చూసి చెప్పారు. గుర్తుంటుందండీ అన్నాను.

కృతజ్ఞత చెప్పుకోవాలని నిలబడ్డాను. మీ కుర్చీ చినిగింది, ఊరికే వేసిస్తానన్నాను. ఇది మీ షాపు కాదు, స్టోర్సు వాళ్ల పర్మిషన్ కావాలి, నెక్స్ట్ పేషెంటుని పిలవండి అని అరిచారు. మేము గుమ్మం దాటుతుంటే, ఆ మూలదాని కాలు కూడా ఊగుతోంది, చూడండి అన్నారు.

బయట ఇస్త్రీ ఆవిడ ఉంది. దుకాణం మూసి వచ్చింది. మా ఆవిడా ఆవిడా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను సంచీలు పట్టుకున్నాను.

జూలై 20, ఆదివారం

రక్తం పదికి వచ్చింది. ఐరన్ మాత్రలకి మలబద్ధకం పట్టుకుంది. ఇలాంటివి కూడా రాయాలా అనుకున్నాను. రాశాను. అడిగితే చెప్తోంది మరి.

సెప్టెంబరు 14, ఆదివారం

మరకలు బాగా తగ్గాయి. మొన్న మా ఆవిడే ఇస్త్రీ ఆవిడని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది, ఎముకల పరీక్షకి. ఇద్దరూ అరుపులు తిని, సంతోషంగా తిరిగొచ్చారు.

డిసెంబరు 2, మంగళవారం

షాపులో ఇద్దరు కస్టమర్లున్నారు. మనవరాలు ఫోన్ చేసింది. తాతయ్యా, నాకు పీరియడ్స్ మొదలయ్యాయి అంది. కడుపునొప్పి ఉందా తల్లీ అని పైకే అడిగాను. కొంచెం, భయమేం లేదు అంది. అమ్మమ్మ ఉందా అని అడిగింది.

ఉంది అన్నాను. వినపడిందో లేదోనని మళ్లీ అన్నాను.