తమ్ముడి గొంతున్న క్యాసెట్

మంగళవారం.

తమ్ముడి కూతురు రావులపాలెం నుంచి పాత క్యాసెట్ పట్టుకొచ్చింది. "నాన్న ఆర్కెస్ట్రాలో పాడిన సినిమా పాటలంటండి, పెదనాన్నగారూ. మీ టేపురికార్డర్లో వినిపించండి," అంది. వాడు పోయేనాటికి దానికి రెండేళ్ళు. తండ్రి గొంతు ఎరగదు.

పెట్టాను. వాడు పల్లవి ఎత్తుకున్నాడు. రెండు లైన్లకే తెగిపోయి, ఎవరివో హిట్ పాటలు మొదలయ్యాయి. చివరిదాకా అవే.

"ఎవరు చెరిపేశారండీ?"

తెలీదన్నాను. మళ్ళీ రికార్డు కాకుండా తమ్ముడు క్యాసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేసిన చోట సెల్లో టేపు అంటించి ఉంది. నా రికార్డింగు షాపులో ఖాళీ క్యాసెట్లు అయిపోతే, పాతవాటికి అలా అంటించి, వాటి మీదే రికార్డు చేసేసేవాణ్ణి. లేబుల్ మీద చేతిరాతా నాదే.

వెళ్తూ నా చేతులు పట్టుకుంది. "ఈ రెండు లైన్లయినా మీ వల్లే విన్నానండి," అంది.