ఇటలీ కోచ్ అన్న మాట

జనవరి 2000, బ్లాక్‌టౌన్

పత్రికల్లో ఇన్నేళ్లుగా వర్ణవివక్షను ఉతికి ఆరేస్తున్నదాన్ని, నాకు తెలియదా ఈ తెల్లవాళ్ల సంగతి?

"మీ శిరీషను ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి పంపకండి" అంది కోచ్.

"మా అమ్మాయి నల్లగా ఉందనేగా?" అని నిలదీశాను.

ఆవిడ ఇటలీ తరఫున ఆడి, ఇరవై మూడేళ్లకే రాకెట్ వదిలేసిన మనిషి. కుడిచెయ్యి ఎత్తి చూపబోయింది. భుజం దాటి లేవలేదు.

"నన్ను ఆట ఆపమన్న ప్రతి డాక్టరుతోనూ మా అమ్మ మీలాగే వాదించింది. అన్నిసార్లూ తనే గెలిచింది."

ఇది నా నోరు మూయించే ఎత్తు కాదని ఏమిటి నమ్మకం? కొత్త ఏడాది రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే గోలనే నమ్మనిదాన్ని!

రాత్రి శిరీష ఎడమచేత్తో స్పూను పట్టుకుని అన్నం తింటోంది.

"కుడిచేతికేమైందే?"

"నథింగ్ అమ్మా, ఐయామ్ ఫైన్."

పొద్దుటినుంచీ ఎవరినీ నమ్మని నేను, ఈ ఒక్క మాటనైనా నమ్మేద్దామని చూస్తున్నాను.