క్లచ్ లేని కారు, మునెప్ప ఎడమకాలు

2004 జూన్, శుక్రవారం రాత్రి, పుంగనూరు

ఇది చదువుతున్న నువ్వే పిరికివాడివి. నువ్వంటే నేనే, ఈ డైరీ ఇంకెవరు చదువుతారు?

రేపు కుప్పంలో కార్మికుల సభలో గ్రానైట్ క్వారీ యజమానిని కడిగేద్దామని ప్రసంగం రాసుకున్నాను. అతని దగ్గర పనిచేసే కూలీ మునెప్ప ఎడమకాలు ఆ క్వారీలోనే బండ పడి చచ్చుబడింది. ఇవాళ మదనపల్లె టమోటా యార్డు ముందు ఆ మునెప్పే యజమాని కారు తోలుకొచ్చి నా పక్కన ఆపాడు. జపాన్ వాళ్లు ర్యాలీ పందేల కోసం తయారుచేసిన రకం కారట, అందులోనూ ఆటోమేటిక్.

"క్లచ్చే లేదు, సూడున్నా! ఎడమకాలితో పనే లేదు."

"ఆ కాలు చెడగొట్టిందెవరప్పా?"

"ఆయప్పే. ఈ స్టీరింగు ఇచ్చిందీ ఆయప్పే. మీటింగులో నా పేరెత్తబాకన్నా. నీకు చప్పట్లొస్తాయి, నాకు కూడు పోతాది."

విలాసపు కార్లను తిడుతూ ఎన్ని వ్యాసాలు రాశాను! ఇది దయా, నోరు మూయించే ఎత్తా? మునెప్ప నవ్వు మాత్రం నిజం. పేరు చెప్పకపోతే ఆ కాలికి సాక్ష్యమేది? చెబితే...

రేపు సభలో ఎవరి పేరూ ఎత్తకుండా ఇవి మాత్రం అడుగుతాను:

బండలెత్తే చోట రక్షణ ఉండాలి.
గాయపడినవాళ్లకు పరిహారం హక్కుగా ఇవ్వాలి.
నోరు విప్పారని ఎవరినీ పనిలోంచి తీయకూడదు.
దెబ్బతిన్నవాడి పేరేమిటని యజమాని నన్ను అడగకూడదు.