జ్వరం రాని లాప్‌టాప్

రాయగడ, శనివారం రాత్రి

గెలిచాను! లాప్‌టాప్ నా మంచం మీదే ఉంది. లావుగా, నల్లగా, ఇటుకలా ఉంది. అయినా నాదే.

దుకాణాయన సన్నటి వెండిరంగుదే అంటగట్టాలని చూశాడు. "రెండూ ఒకే రేటు. గుణుపురం కాలేజీకెళ్లే పిల్లలందరూ ఇదే పట్టుకెల్తన్నారు," అన్నాడు. అమ్మ దాన్ని ఎత్తి చూసి, తేలిగ్గా ఉందని మురిసిపోయింది. తప్పుది కొంటే మళ్లీ కొనే స్థోమత మాకు లేదు, నాలుగేళ్ల చదువూ దాంతోనే. అందుకే సిగ్గు విడిచి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన కార్ల రేసు ఆటని రెండింట్లోనూ ఎక్కించమని, ఏది వేడెక్కకుండా తట్టుకుంటుందో ఆడి చూశాను. అమ్మ నావైపు చూసిన చూపు... సరేలే.

సన్నదాంట్లో కాసేపటికే కారు నత్తలా నడిచింది. "ఓపాలి ముట్టుకుని సూడమ్మా," అన్నాను. నర్సు చెయ్యి కదా, వార్డులో పిల్లల నుదురు చూసినట్టే చేతి వెనకవైపు ఆనించింది. "దీనికి జొరమొచ్చేసినాదే అమ్మీ!" అంది. లావుదానికి ఒళ్లు కాస్త వెచ్చబడింది, అంతే.

సంబరంలో ఒకటి మర్చిపోయాను. నేను అంత బాగా ఆడతానని అమ్మకి ఇవాళే తెలిసింది. రేపు ఆరాధన అయ్యాక పాస్టరు గారు దీనిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఎందుకు కొన్నావని ఆయన అడిగితే, అమ్మ ముందు చదువుకని ఎలా చెప్పను?

ఇందాక అన్నం వడ్డిస్తూ అమ్మే అంది: "సదువుకని సెప్పు. ఆట సంగతి దేవుడికి నాను సెప్పుకుంటాను."