రేకు డబ్బా పిలుపు

అక్కా,

నీకు రాయడానికి భయపడటం ఇదే మొదటిసారి. ఫోన్ చేద్దామని మూడుసార్లు తీశాను. నీ గొంతు వింటే మళ్ళీ అబద్ధమే చెబుతానని పెట్టేశాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

నీ మేకలు పోయిన ఆ సాయంత్రం నువ్వు అడిగింది ఒక్కటే. "బెదిరాయా?" అన్నావు. "లేదక్కా. దాణాలో మత్తుమందు కలిపాం, వాటంతట అవే పడుకున్నాయి" అన్నాను. పోయేటప్పుడు బెదరలేదన్నది నిజం. మిగతాదంతా నేను అప్పటికప్పుడు అల్లిన కథ.

మేం ఏడుగురం వచ్చాం, తెల్లటి సూట్లు, ముఖాలకు మాస్కులు. కొట్టం తలుపు తీయగానే నీ మేకలు వెనక గోడకు అతుక్కుపోయాయి. రెండు పిల్లలు తొట్టి మీదికెక్కాయి. అట్టలు అడ్డం పెట్టి తోలుదామన్నాడు మా కూలీల మేస్త్రీ. తోలితే ఏమవుతుందో అంతకుముందు వారమే వేరేచోట చూశాను. ఒకదాని మీద ఒకటి పడి, కాళ్ళు విరిగి, మా సూది పడకముందే సగం చచ్చాయి. అవి బాధ లేకుండా పోయేలా చూడటానికే కదా పశువుల డాక్టరుగా నాకు జీతమిచ్చేది. అందుకని గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్న నీ గోధుమరంగు స్వెట్టర్ తీసి సూటు మీద వేసుకున్నాను. దాని కిందే నీ రేకు డబ్బా ఉంది. గుప్పెడు గింజలు వేసి, చిన్నప్పుడు నువ్వు నేర్పినట్టే మూడు దెబ్బలు కొట్టి, ఆగి, ఇంకొకటి కొట్టాను.

ముందురోజు నువ్వన్న మాట మరిచిపోయి కాదు. "నేను పిలిస్తే వస్తాయే. అందుకే రేపు నేనుండను. ఆ పిలుపు మాత్రం దీనికి వాడొద్దు" అన్నావు. సరేనన్నాను. తెల్లారేసరికి వాడాను.

అన్నిటికన్నా ముందు నీ మేక దొరసాని వచ్చింది. పుట్టిన వారం రోజులు దానికి సీసాతో పాలు పట్టింది నేనే కదా. స్వెట్టర్ జేబులో ముక్కు పెట్టి వెతికింది. నువ్వు దాచిపెట్టే ఎండు రొట్టె ముక్క జేబులో ఉంది. అది నములుతుండగానే మత్తు సూది వేశాను. దాని వెనకే మిగతావన్నీ బడిపిల్లల్లా వరసగా వచ్చాయి. ఒక్కటి కూడా అరవలేదు. పడుకున్నాక రెండో మందు ఇవ్వడం, గుండె మీద స్టెత్ పెట్టి వినడం, కంటిపాపను వేలితో తాకి చూడటం, రెప్ప కదలకపోతే నుదుటి మీద పచ్చరంగు గీత పెట్టడం. నలభై సార్లు. మేస్త్రీ చెడ్డవాడు కాదు, వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు పాపం. "గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మేకలూ అంతే కాబోలు మేడం" అన్నాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ మాటతో అర్థమైంది.

పైగా అవి ఆరోగ్యంగా ఉన్నాయి. అవతలి ఫారంలో నోటినీ కాళ్ళనీ పట్టే గాలికుంటు జబ్బు వచ్చిందని మ్యాపు మీద గీత గీశారు. గీత లోపల ఉన్నవన్నీ పోవాల్సిందేనన్నారు, రక్తపరీక్ష కూడా అక్కర్లేదన్నారు. మీ కొట్టం ఆ గీతకు రెండొందల అడుగులు లోపలుంది. నీ రిజిస్టర్లో నలభై ఒకటి, నేను లెక్కపెట్టింది నలభై. ఒక పిల్లను నక్క ఎత్తుకుపోయిందన్నావు. అదొక్కటైనా మా చేతిలో పడలేదని సంతోషించాను చూడు, ఎంతకు దిగజారానో.

ఇంకొకటి కూడా ఉంది. పైకి కనబడని జబ్బు అంటుకుని ఉండొచ్చని, రూలు ప్రకారం ఆ స్వెట్టర్‌ని అక్కడే కాల్చేయాలి. చేతులు రాలేదు. కవర్లో చుట్టి కారులో పెట్టుకున్నాను. దారిలో వాగు అవతల గడ్డి అమ్మే తాత ఇంటి దగ్గర ఆగి మంచినీళ్ళు తాగాను. వారం తిరగకుండా ఆయన తొమ్మిది మేకలకూ నోట్లో పుళ్ళు. వాటికీ పచ్చగీతలు పెట్టింది నేనే. "గీతకు ఇవతలున్నాం కదమ్మా, ఎలా వచ్చింది?" అని అడిగాడు. జబ్బును నీ స్వెట్టర్లో చుట్టుకుని నేనే తెచ్చానని చెప్పలేకపోయాను.

అప్పట్నుంచీ ఆ డబ్బా చప్పుడు నన్ను వదలడం లేదు. టీ కొట్టువాడు గ్లాసులో చెంచా తిప్పినా అదే, రేకుల మీద చూరునీళ్ళు పడినా అదే. మొన్న ఆఫీసులో గుమాస్తా పెన్నుతో బల్ల మీద కొట్టాడు. నాకు తెలియకుండానే లేచి అతని ముందుకెళ్ళి నిలబడ్డాను. "ఏం కావాలి మేడం?" అన్నాడు.

రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. తాత సంగతి కూడా అందులో ఒప్పుకున్నాను. సోమవారం ఇచ్చేస్తాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదని తెలుసు, అయినా ముందు నీకు చెప్పాలనిపించింది. క్షమించమని అడగను.

నీ మాట నిలబెట్టని
చెల్లెలు

*

చిట్టీ,

నీ ఉత్తరం చదివి బావకు కూడా చూపించకుండా బియ్యం డబ్బాలో దాచాను. ముందు ఆ రాజీనామా చింపు. చింపాకే మిగతాది చదువు.

ఆ మేకపిల్లను నక్క ఎత్తుకుపోలేదే. మీరు రావడానికి నాలుగు రోజుల ముందు ఆ పిల్ల కుంటింది. నోరు తెరిచి చూస్తే నాలుక మీద పొక్కు. అదేమిటో నాకు తెలియదనుకోకు, పశువుల డాక్టరు అక్కని. నీకు చెబితే నువ్వు రాసుకోవాలి, రాసుకుంటే కొట్టం మొత్తం పోతుంది. ఉప్పునీళ్ళతో నోరు కడిగి, దాన్ని దాణా గదిలో విడిగా పెట్టాను. మర్నాడు పొద్దున పాలు తాగుతూ తాగుతూ నా ఒళ్ళోనే ఊపిరి వదిలేసింది. పెరట్లో పూడ్చి, పైన కట్టెలు పేర్చి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆ మధ్యాహ్నమే గడ్డి కోసం తాత కొట్టంలోకి వెళ్ళాను. అవే చెప్పులు, అదే చీర. నువ్వు ఆయనింట్లో నీళ్ళు తాగిన రోజుకే ఆయన మేక ఒకటి కుంటుతోంది. రాయి గుచ్చుకుందేమోనని ఆయన నీకు చెప్పలేదు. నాకు చెప్పాడు. నేను "అవును, రాయే అయ్యుంటుంది" అన్నాను.

కాబట్టి నువ్వు మోసింది జబ్బు కాదు, ఉత్త స్వెట్టర్. నువ్వు సాగనంపింది ఆరోగ్యంగా ఉన్నవాటినీ కాదు. నెల రోజులుగా నువ్వు ఏడుస్తున్న ఏడుపు నాది. ఈ మాట నీ ఉత్తరం రాకముందే నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నీ మీద కోపం ఉన్నట్టు నటిస్తే నువ్వు ఏమీ అడగవని ఫోన్ కూడా చేయలేదు.

ఇక పిలుపు సంగతి. ఆ రోజు నేను ఊరికి పోలేదు. రోడ్డు మలుపులో పాల వ్యానులో కూర్చున్నాను. డబ్బా చప్పుడు విన్నాను. ఒళ్ళు మండి తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను కూడా. అంతలో నాకు తట్టింది. నువ్వు ఆగలేదే. మూడు కొట్టి ఆగాలి, నువ్వు నాలుగూ గబగబా ఒకేసారి కొట్టేశావు. చిన్నప్పుడూ అంతే, ఎన్నిసార్లు నేర్పినా నీకు ఆగడం రాలేదు. ఇరవై అడుగుల దూరంలో ఎవరు కొడుతున్నారో మేకకు తెలియదా? అవి నా పిలుపు అనుకుని రాలేదు. స్వెట్టర్ చూసి మోసపోలేదు. సీసాతో పాలు పట్టిన చిట్టి పిలుస్తోందని తెలిసే వచ్చాయి. ఇది నీకు ఓదార్పో శిక్షో నాకు తెలియదు. జరిగింది మాత్రం ఇది. నేను కాలు వెనక్కి తీసుకుని తలుపు వేసుకున్నాను.

ఇప్పుడు నువ్వు నా తరఫున ఒక కాగితం రాయాలి, మీ ఆఫీసరుకి. పిల్లను ఎక్కడ పూడ్చానో, అది ఎప్పుడు చచ్చిందో, ఆ తర్వాత నేను ఎవరెవరి కొట్టాల్లో అడుగు పెట్టానో అన్నీ. తాత కాక ఇంకో రెండిళ్ళున్నాయి, అవి ఇంకా బాగానే ఉన్నాయి, కాబట్టి ఆలస్యం చేయకు. సంతకం పెట్టేటప్పుడు నువ్వు పక్కనుండాలి. తాత ముందు నిలబడి చెప్పేటప్పుడు మాత్రం ఒక్కదాన్నే వెళతాను.

ఆదివారం రా. తలుపు తడితే తియ్యను, పిల్ల విషయం తెలిసిపోయి ఎవరో వచ్చారనిపించి లోపలి గదిలోకి పోతున్నాను ఈమధ్య. రేకు డబ్బా గుమ్మం దగ్గరే ఉంది. అది కొట్టు. నీకు వచ్చినట్టే, నాలుగూ ఒకేసారి.

నేను వస్తాను.

నీ అక్క