పసుపు మానేసిన వంటిల్లు

తమ్ముడూ,

ఫోన్ చేస్తే నవ్వుతావని ఉత్తరం రాస్తున్నాను. చదువుతూ ఎంతైనా నవ్వుకో, నాకు వినపడదు.

ఆసుపత్రివాళ్లు ఫలితం చెప్పారు. అమ్మ నుంచి మనిద్దరికీ వచ్చిన కిడ్నీ తిత్తుల జబ్బుకి పసుపులోని సారం పనిచేస్తుందేమోనని ఏడాదిగా మాత్రలు మింగించారు కదా. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్త పిండి. ఎవరికి ఏది పడిందో డాక్టరుకీ తెలియదు. నాకు మాత్రం తెలిసిపోయింది! మొహం కళగా ఉందనీ, నడుం నొప్పి తగ్గిందనీ, నాది అసలుదేననీ ఊరంతా టముకు వేశాను. "నీది పిండేలేరా, పాపం" అని నిన్ను ఏడిపించాను. విడిగా పసుపు మాత్రలు వాడొద్దని వాళ్లంటే, అతి తెలివితో కూరలో పసుపు కూడా మాన్పించాను. నాన్న ఏడాదిపాటు తెల్లటి కూరలు వండి, నోరెత్తకుండా తిన్నాడు.

తీరా చూస్తే పిండి నాది. ఈ వీధి మొత్తం మీద ఒంట్లోకి చిటికెడు పసుపు పోనివాళ్లం నేనూ నాన్నే.

అసలుది మింగింది నువ్వు. అయినా "మీ ఇద్దరి కిడ్నీలూ తిత్తులతో ఒకేలా ఉబ్బాయమ్మా, మందువల్ల తేడా ఏం లేదు" అంది డాక్టరమ్మ. నాన్న ఇంటికొచ్చాక "అయితే ఇవాళ కూరలో పసుపు వెయ్యనా?" అన్నాడు.

ఇంకో కొత్త మందుకి పరీక్ష మొదలవుతోందట. నా పేరు ఇచ్చాను. ఇక చాలని మొండికేయకుండా నువ్వూ రా. మళ్లీ పిండి పడితే నాకే పడనీ, అలవాటైపోయింది. ఈసారి నీకు పడేది పనిచేస్తే చాలు.

ఇట్లు,
నీ తెలివైన అక్క